గాలి తగలని మన్ను

పోయిన వారం గౌతమిని మనం థర్మకోల్ డబ్బా ముందు వదిలేసి వచ్చాం. మూత పక్కన పడి ఉంది. వేసిన ఐసు సగం కరిగి నీళ్ళయింది. ఆ నీళ్ళలో ఉండాల్సిన వెండి రంగు సంచి మాత్రం లేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం. గుమ్మఘట్ట మండలంలో కూలి చేసుకు బతికే జయరాజు, కృపాకుమారిల కూతురు గౌతమి. వాన కోసం మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసే ఊళ్ళో పుట్టి, విశాఖపట్నంలో సముద్రం అడుగు మన్ను మీద పరిశోధన చేస్తోంది. ఊరు నవ్వింది. వాళ్ళు కూలికి పోయే శనక్కాయ చేను ఆసామి ఎర్రన్న అయితే, "మన చేలో మన్ను చాలలేదా పాపా, సముద్రంలోది తవ్వుకోని వస్తివి?" అని ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఎర్రన్నకు తెలియదు గానీ, ఆ సంచిలో ఉన్నది ఓడ మీద నుంచి ఐదు కిలోమీటర్ల లోతుకు గొట్టం దింపి తీసిన బంకమన్ను. అందులో ఇనుము ఉంది. గాలి సోకనంతకాలం ఆ ఇనుము వల్ల మన్ను ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిందా, వానలో వదిలేసిన కొడవలికి పట్టినట్టే తుప్పు పడుతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది. గామా కిరణాలను మన్ను గుండా పంపి, ఇనుము వాటిని ఎక్కడ ఎంత మింగిందో గీతల్లో చూసి, అది ఏ రూపంలో ఉందో చెప్పే పద్ధతి ఒకటుంది. మాస్‌బౌర్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. గౌతమి చదువంతా ఆ గీతల్లోనే ఉంది.

మొదటిసారి కొలిచినప్పుడు ఆమెకు పచ్చ ఇనుము ఎవరూ అనుకోనంత ఎక్కువగా వచ్చింది. ఆ చదువులో పెద్దలు నమ్మలేదు. కొలతలో ఏదో పొరపాటు జరిగిందన్నారు. మళ్ళీ కొలిచి చూపిస్తేనే ఆమె సిద్ధాంతం నిలుస్తుంది, లేకపోతే ఇన్నేళ్ళ కష్టం కాలవలో పోసినట్టే. మళ్ళీ కొలవడానికి మిగిలింది ఒక్క సంచి. ఓడ మీదే నైట్రోజన్ నింపి మూతివేసినది, ఇంతవరకు ఎవరూ విప్పనిది. దాన్ని బెంగళూరు తీసుకుపోతూ, తల్లి ఫోను చేసి ఏడిస్తే దారిలో ఇంటికి దిగింది.

తల్లి ఏడుపు శశి గురించి. గౌతమి తమ్ముడు. రెండేళ్ళ కిందట సుగ్గి పనులకు, అంటే పంట కోతలకు, వలసపోయే వాళ్ళతో కలిసి పోయి, అట్నుంచటే మంగళూరు అవతల ఒక రేవులో చేపల పడవ మీద కూలికి చేరాడు. గాలివానలో పడవ తిరగబడింది. మిగతా అందరూ ఏదో ఒక రకంగా దొరికారు. శశి దొరకలేదు. కొడుకు పేరు మీద చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టిద్దామని కృపాకుమారి అంటుంది. జయరాజు పెట్టనివ్వడు. వాడు బతికే ఉన్నాడంటాడు. నాయనకు నువ్వైనా చెప్పు పాపా అని తల్లి పిలిస్తే వచ్చిన గౌతమి, ఆ మాట ఎత్తే ధైర్యం లేక ఇంట్లో ఊరికే తిరుగుతోంది. సాయంత్రం బస్సుకు బయలుదేరాలి, అంతలో సంచి మాయమైంది. ఇక్కడే మనం ఆగాం.

గౌతమి ఇల్లంతా వెతికింది. ఇల్లంతా అంటే ఎంత, ఒక గది, ఒక వసారా. మంచం కింద చూసింది, బియ్యం డబ్బా వెనక చూసింది, చివరికి వసారాలో శనక్కాయలు ఒలుస్తున్న తల్లి ముందు వచ్చి నిలబడింది.

"అమ్మా, డబ్బాలో సంచి ఏమాయె?"

"నన్నడిగితే?"

"నువ్వు తీసినావా?"

"నేనేల తీస్తా?"

"నిన్న నువ్వే కదా అన్నావు, ఆ మన్ను ఇంట్లో పెట్టద్దని. యాడన్నా పారేసినావా? నిజం చెప్పుమ్మా. అది పోతే నా బతుకు పోతాది."

కృపాకుమారి చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. బతుకు పోవడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"నా బిడ్డను మింగిన సముద్రం మన్ను అది," అంది. "దాన్ని నేను చేత్తో ముట్టుకుంటానా? ఆ డబ్బా పక్కన నడస్తాంటేనే కాళ్లు వణకతాండాయి నాకు. నువ్వు తెచ్చి పెట్టిన్నాటి నుంచి ఆ మూలకు నేను పోనే లేదు. కసువు కూడా ఊడ్చలా. పోయి చూసుకో."

గౌతమి చూసింది. ఇల్లంతా అద్దంలా ఊడ్చి ఉంది. డబ్బా ఉన్న మూల మాత్రం దుమ్ము, శనక్కాయ పొట్టు, రెండు చచ్చిన చీమలు. గౌతమికి సిగ్గేసింది. కన్నతల్లిని దొంగను అడిగినట్టు అడిగింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. మన ఇళ్ళల్లో అమ్మను క్షమించమని అడిగే అలవాటు ఎవరికుంది కనక.

"మరెవరు ముట్టినారు?" అంది, గొంతు తగ్గించి.

"ఐసు మార్చేది ఎవరు? మీ నాయనే కదా."

నిజమే. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఎర్రన్న ఇంట్లో ఉంది గానీ, ఆయన భార్య బయమ్మ తన ఫ్రిజ్‌లో వీళ్ళ సంచిని పెట్టనిచ్చే మనిషి కాదు. అందుకని గుమ్మఘట్ట సోడా అంగడి నుంచి రోజూ ఐసు తెచ్చి డబ్బాలో వేసే పని గౌతమి నాయనకే అప్పగించింది. ఆయన దాన్ని చంటిబిడ్డకు నీళ్ళు పోసినంత జాగ్రత్తగా చేశాడు. నాయన ఏదైనా ఇంత శ్రద్ధగా చేసి ఎన్నాళ్ళయిందో అని ఆమె లోలోపల సంతోషించింది కూడా.

"నాయన యాడికి పోయినాడు?"

"పొద్దున ఐసు తెచ్చి వేసినాడు. రొంతసేపు ఆడనే కూసున్నాడు. మల్ల లేసి పోయినాడు. చెప్పి పోతాడా ఏమన్నా?"

చెబుతూనే కృపాకుమారి గోడ వైపు చూసింది. గోడకు ఆనించి ఉండే గడ్డపార లేదు. దాని పైన మేకుకు రెండేళ్ళుగా ఒక నీలం చొక్కా వేలాడుతూ ఉండేది. శశిది. ఉతకనిచ్చేవాడు కాదు, మడవనిచ్చేవాడు కాదు. వచ్చినప్పుడు వాడే తీసి తొడుక్కుంటాడులే అనేవాడు జయరాజు. ఆ మేకు ఇప్పుడు బోసిగా ఉంది.

తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"బొందలగడ్డకు పోయినాడు," అంది కృపాకుమారి. ఒళ్ళోని శనక్కాయలు జారి వసారా అంతా దొర్లాయి. ఆమె వాటి వైపు చూడలేదు.

గౌతమి చెప్పుల్లేకుండానే పరుగెత్తింది.

ఈ పరుగు ఎందుకో తెలియాలంటే ఈ ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. ఇక్కడ వానలు ముఖం చాటేస్తే సగం ఊరు మూటా ముల్లె కట్టుకుని పోతుంది. పోయినవాళ్ళు అందరూ తిరిగి రారు. పాముకాటుకో, జ్వరానికో, లారీ కిందో అక్కడే పోతారు. శవాన్ని ఇంత దూరం తేవడం ఎవరి తరం? అందుకని పోయినచోట పిడికెడు మన్ను తీసి తువ్వాలులో కట్టుకొస్తారు. చొక్కానో చీరనో దానికి తోడుగా పెట్టి, ఊరి బొందలగడ్డలో గుంట తీసి పూడుస్తారు. పాస్టరు ప్రార్థన చేస్తాడు. అంతటితో మనిషి ఊరు చేరినట్టు లెక్క. ఆ తరవాతే ఏడుపు, ఆ తరవాతే కూడిక. మన్ను రాకుండా ఇవేవీ జరగవు.

శశి పోయిన కబురు వచ్చినప్పుడు పెద్దమనుషులు ఇంటికి వచ్చి జయరాజును ఒప్పించాలని చూశారు. ఆయన ఒకటే మాట అన్నాడు. "మన్ను యాడుండాది? తెచ్చి చూపీండి." సముద్రంలో పోయినవాడికి మన్నెక్కడి నుంచి తెస్తారు? వాళ్ళు తలలు వంచుకుని వెళ్ళిపోయారు. మన్ను లేదు కాబట్టి చావు లేదు అని జయరాజు పట్టుబట్టాడు. ఇంట్లో ఎవరు కంటతడి పెట్టినా, "బతికుండే వానికి ఏడుస్తారా?" అని కసిరేవాడు. పాపం కృపాకుమారి చేలో కలుపు తీస్తూ, తల వంచుకుని, గడ్డికి తెలిసేట్టు ఏడ్చేది.

ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆగకుండా పోతున్న గౌతమికి నిన్నటి సాయంత్రం గుర్తొచ్చింది. ఆమె లాప్‌టాప్‌లో ఏదో రాసుకుంటోంది. జయరాజు డబ్బా పక్కన గొంతుకూర్చున్నాడు.

"పాపా, ఇది నిజంగా సముద్రం అడుగుదేనా?"

"అవును నాయనా."

"మనిషి పోలేని తావా?"

"మనిషి పోలేడు. వెలుతురు కూడా పోదు."

మళ్ళీ అడిగాడు. "సముద్రాలు వేరేవేరేనా, అంతా ఒగటేనా?"

ఆమె తల ఎత్తకుండానే, "పేర్లే వేరు నాయనా. నీళ్లన్నీ కలిసే ఉంటాయి," అంది.

ఆయన మూత మెల్లగా సర్ది లేచి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అప్పుడు ఆమెకు తట్టలేదు. పరాకుగా ఇచ్చిన జవాబు ఇప్పుడు గడ్డపార పట్టుకుని బొందలగడ్డకు పోయింది.

చర్చివాళ్ళు గేటు మీద 'సమాధుల తోట' అని రంగుతో రాయించారు. తోట అంటే తోటేమీ కాదు. నాలుగు తుమ్మచెట్లు, కొన్ని సిమెంటు సిలువలు, మిగతాదంతా ఎర్రమట్టి దిబ్బలు. ఎండ ఇంకా దిగలేదు. తుమ్మచెట్టు నీడలో జయరాజు తల్లి తిప్పమ్మ దిబ్బ ఉంది. దాని పక్కన కొత్తగా తవ్విన గుంట, గుంట అంచున కూర్చున్న నాయన గౌతమికి కనిపించారు.

గుంటలో నీలం చొక్కా చక్కగా మడిచి పరిచి ఉంది. నాయన ఒళ్ళో వెండి సంచి. కొడవలితో నిలువునా కోసి ఉంది.

"నాయనా!" అని అరిచింది. "గాలి తగలకూడదు! దానికి గాలి తగలకూడదు!"

జయరాజు ఉలిక్కిపడ్డాడు. ఏం చేయాలో తోచక, తన రెండు చేతులూ ఆ మన్ను మీద కప్పాడు. గాలిని చేతులతో ఆపగలిగినట్టు, వంగి తన రొమ్మును కూడా అడ్డం పెట్టాడు. ఆయన్ను అలా చూసిన గౌతమికి కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

మోకాళ్ళ మీద కూలబడి సంచి అందుకుంది. చపాతీ కర్రంత మన్ను కడ్డీ. కోసిన చోట పైపొర అప్పుడే గోధుమరంగుకు తిరిగింది. ఒక కొస విరిచి చూసింది. లోపల ఇంకా పచ్చగానే ఉంది. తడి తడిగా, చల్లగా ఉన్న ముదురు పచ్చ. పోలేదు. ఇంకా పోలేదు.

మనసు దానంతటదే లెక్కలు వేసుకుంది. పైపొర చెక్కేస్తే సరిపోతుంది. రాయదుర్గం రోడ్డులో టైర్ల అంగడివాడు కార్లకు నైట్రోజన్ పడతాడు. సంచిలోకి అదే పట్టించి, మూతి బిగించి, ఐసులో పెట్టి సాయంత్రం బస్సు ఎక్కితే నడిమి ముక్క దక్కుతుంది. ఆ ముక్క చాలు. ఇప్పుడే లేవాలి.

"నిన్ను అడిగే తీసుకుందామనుకుంటి పాపా," అన్నాడు జయరాజు. "అడిగితే వద్దంటావేమోనని భయమాయె. అంతా తీసుకోలేదు చూడు. పిడికెడు తీస్తే చాలని కోస్తిని. కోసినాక చెయ్యి రాలేదు. పిడికెడు ఏ పక్క తీసేది? వాడు ఏ పక్కన ఉండాడో ఏమో."

గౌతమి కోసిన సంచి అంచులు దగ్గరికి పట్టుకుంది.

"రెండేండ్లు అందరితో కొట్లాడితి," అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ గట్టిగా ఉంటుంది, చేలో అవతలి గట్టు మీదివాడికి వినపడేలా. ఇప్పుడు పక్కన కూర్చున్న కూతురికే సరిగా వినపడలేదు. "మన్ను తెండి, అప్పుడు నమ్ముతా అంటి. ఎవరూ తేలేరని తెలిసే అంటి. నువ్వు తెస్తివి. డబ్బా తెచ్చి ఇంట్లో పెడితివి. ఇంగ నేనేం చెప్పేది? రోజూ ఐసు వేస్తా వేస్తా చూస్తాంటి. వాడు పోయినాడు పాపా. శశి పోయినాడు."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఊరంతా చెప్పినా, పాస్టరు చెప్పినా, భార్య కాళ్ళ మీద పడినా రాని మాట. నాయనకు ఎలా చెప్పాలా అని గౌతమి వచ్చిన దగ్గర్నుంచి నమిలి మింగుతున్న మాట ఆయనే చెప్పేశాడు. ఆమె ఆయన భుజం మీద చేయి వేసింది. చొక్కా కింద ఎముక తగిలింది. ఎంత చిక్కిపోయాడో అప్పుడు తెలిసింది.

కొంతసేపటికి ఆయన ముఖం తుడుచుకుని, బిడ్డను గురువుగారిని అడిగినట్టు అడిగాడు.

"ఇది అరేబియా సముద్రందే కదా పాపా?"

ఆయనకు తెలిసిన సముద్రం పేరు అదొక్కటే. శశిని వెతుక్కుంటూ పోయినప్పుడు రేవులో ఆఫీసర్లు కన్నడంలో చెప్పినదంతా అర్థం కాకపోయినా ఆ పేరు మాత్రం పట్టుకున్నాడు. పొలంలో, చర్చి మెట్ల మీద, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పేరు గొణుక్కునేవాడు.

గౌతమి చేతిలో ఉన్నది అరేబియా సముద్రం మన్ను కాదు. శశి పడవ పోయింది పడమటి తీరంలో. ఈ మన్ను శ్రీలంకకు దక్షిణాన, నడి మహాసముద్రంలో తీసింది. శశికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట ఒక్కటి చెబితే చాలు, నాయన సంచి ఆమె చేతిలో పెట్టేస్తాడు. ఆమె చదువు నిలబడుతుంది. పైగా అదే నిజం. అబద్ధం కొలతలు వద్దు, నిజమైన మన్నును నిజంగా కొలవాలి అని ఇన్నేళ్ళుగా పోట్లాడుతున్న పిల్ల, నిజం చెప్పడానికి ఇంత బాధ పడుతుందని ఎవరైనా అనుకుంటారా!

కానీ నిజం చెబితే నాయన మళ్ళీ లేచి, ఆ చొక్కా దులిపి, మేకుకు తగిలిస్తాడు. ఈసారి ఇక ఎప్పటికీ దించడు.

గేటు దగ్గర అలికిడైంది. కృపాకుమారి ఆయాసపడుతూ వచ్చింది. ఒక చేతిలో గౌతమి చెప్పులు, ఇంకో చేతిలో గౌతమి ఫోను. "మీ మేడమ్ ఫోను పాపా, ఊరికే మోగతాండాది..." అంటూ వచ్చి, గుంట చూసి, గుంటలో చొక్కా చూసి, మాట మింగేసింది. మొగుడి ముఖం వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"వాడు పోయిన సముద్రం మన్నే. పాపనే అడుగు," అన్నాడు.

కృపాకుమారి కూతురి వైపు తిరిగింది. "అవునా పాపా?"

చదువుకున్న పిల్ల చెప్పే మాట కోసం ఇద్దరూ ఎదురు చూస్తున్నారు. ఆ పిల్ల మాట మీద ఇద్దరికీ ఉన్న నమ్మకం, దేవుడి మాట మీద ఉన్నదానికి కొంచెమే తక్కువ.

"అదేమ్మా," అంది గౌతమి. "ఆ సముద్రం మన్నే."

కృపాకుమారి చేతిలోంచి చెప్పులు జారాయి. గుంట పక్కన కూలబడి, "నాయనా శశీ! ఎంత దూరం నుంచి వస్తివి నాయనా!" అని గొంతెత్తి ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపు అది. జయరాజు ఆమెను కసరలేదు. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు, తరవాత ఆయన కూడా ఏడ్చాడు. మొగుడూ పెళ్ళాలు కలిసి ఏడవడానికి వాళ్ళకు ఇన్నాళ్ళూ ఒక దిబ్బ కూడా లేకపోయింది. గౌతమి ఏడుస్తూనే సంచిని పూర్తిగా చీల్చింది. నడిమి ముక్క కూడా బయటపడింది. టైర్ల అంగడి గురించి ఇక ఆలోచించలేదు. ఆలోచించలేదని నేను రాస్తున్నాను గానీ, ఆ పచ్చ ముక్కను ఒకసారి ఎండలో తిప్పి చూసుకుంది ఆమె.

మన్నును మూడు భాగాలు చేసింది. ఒక్కొక్కరు తమ పాలు చిదిపి గుంటలో వేయడం మొదలుపెట్టారు. జయరాజు చేతిలోని ముద్దను ఎండకు పట్టి చూశాడు.

"ఇందాక పచ్చగుండె. రంగు తిరగతాండాదే పాపా?"

"దాంట్లో ఇనుముండాది నాయనా. అడుగున గాలి లేదు కదా, అందుకని పచ్చగుండె. ఇప్పుడు గాలి తగిలి తుప్పు పడతాండాది. మన చేను మన్ను ఎర్రగుండేది కూడా ఆ తుప్పు ఇనుముతోనే."

జయరాజు కింద నుంచి కొంచెం ఎర్రమట్టి తీసి ముద్ద పక్కన పెట్టుకుని చూశాడు.

"అట్లయితే ఇంగ కొన్ని దినాలకు ఇదీ మన మన్ను మాదిరే అయిపోతాది," అన్నాడు. "తేడా తెలీదు."

"తెలీదు నాయనా."

"సరే," అన్నాడు. ఆ రెండక్షరాల్లో ఆయన మనసు కుదుటపడడం గౌతమికి వినిపించింది. చెప్పిన అబద్ధానికి మొదటిసారి పశ్చాత్తాపం లేకుండా ఊపిరి తీసుకుంది.

అప్పుడు ఫోను మోగింది.

కృపాకుమారి ఒడిలో ఉన్న ఫోను అది. గౌతమి రెండు చేతులూ మోచేతుల దాకా మన్ను. "ఉండనీమ్మా, మల్ల చేస్తా," అనేలోపే తల్లి తెర మీద వేలు రాసి, ఎప్పటి అలవాటు ప్రకారం గొంతు బయటికి వినిపించే గుర్తు కూడా నొక్కేసింది. ఆ అలవాటు శశి ఉన్నప్పటిది. రేవు నుంచి వాడు ఫోను చేస్తే ఇంటిల్లిపాదీ వినాలని అలాగే పెట్టుకునేవాళ్ళు.

"గౌతమీ! ఎన్నిసార్లు చేయాలమ్మా నీకు?" వనజాక్షి మేడమ్ గొంతు బొందలగడ్డ అంతా వినిపించింది. గౌతమి పరిశోధనకు గైడు ఆమె. చెడ్డ మనిషి కాదు, హడావిడి మనిషి. "బెంగళూరువాళ్ళు రేపు పొద్దున్నే మిషన్ మనకిస్తామన్నారు. శాంపిల్ ఏ చోటుదో ఇప్పుడే రాసి పంపాలట. నీ దగ్గరున్నది ఆ శ్రీలంక కిందదే కదా? నడి మహాసముద్రందే కదా?"

"మేడమ్, నేను మళ్ళీ..." గౌతమి మన్ను చేతులతోనే ఫోను అందుకోబోయింది. తడి వేళ్ళు తెర మీద జారాయి. గొంతు ఆగలేదు.

"పొరపాటున అరేబియా సముద్రంది తీసుకెళ్ళావేమోనని నాకు గుండె ఆగినంత పనైంది. ఇప్పుడే చూశాను, అవన్నీ ఇక్కడ ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. అరేబియా సముద్రంది ఒక్కటి కూడా నీ దగ్గర లేదు. సరేనా? వింటున్నావా అమ్మా?"

కృపాకుమారికి ఏమీ అర్థం కాలేదు. ఫోను పట్టుకుని కూతురి వైపు అమాయకంగా చూస్తోంది.

జయరాజు చివరి పిడికెడు గుంట మీదికి చాచి ఉన్నాడు. వేళ్ళు విప్పబోయినవాడు విప్పలేదు. చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఏడ్చి ఎర్రబడిన కళ్ళతో కూతురి ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు ఆమె ఏ తప్పు చేసినా ఆయన కొట్టేవాడు కాదు, ఇలాగే చూసేవాడు.

"పాపా," అన్నాడు. "ఇది ఎవరి కొడుకు పోయిన సముద్రం?"